మెసేజ్ ఎవరికి వస్తది?

హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ లైన్లో నిలబడి ఉన్నాను. కిటికీ పక్కన గోడకి క్యూఆర్ కోడ్ అంటించి ఉంది. దాన్ని స్కాన్ చేస్తే లైన్లో నిలబడనక్కర్లేదట. స్మార్ట్ ఫోన్లున్న కుర్రవాళ్ళు స్కాన్ చేసి, టోకెన్ తీసుకుని వెళ్ళిపోతున్నారు. మిగిలినవాళ్ళం, అంటే ఎక్కువగా ఆడవాళ్ళం, ముసలివాళ్ళం, లైన్లోనే ఉన్నాం. నా ముందు ముప్ఫై ఐదేళ్ళ స్త్రీ. పేరు, వయసు, ఊరు చకచకా చెప్పింది.

"ఫోన్ నంబర్ చెప్పమ్మా" అన్నాడు కిటికీ లోపలి అబ్బాయి.

"నంబరెందుకు సార్?"

"మెసేజ్ వస్తది."

"ఎవరికొస్తది?"

ఆ అబ్బాయికి ప్రశ్న అర్థం కాలేదు. "ఎవరి నంబరిస్తే వాళ్ళకే వస్తది" అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆగింది. "నా దగ్గర ఫోన్ లేదు సార్" అంది. చేతిలోని ప్లాస్టిక్ సంచీలో, పాత రిపోర్టుల మధ్య, ఫోన్ నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె చీటీ తీసుకుని స్త్రీల విభాగం వైపు వెళ్ళిపోయింది.

తర్వాత కొద్ది రోజులకే ఒక సదస్సులో డిజిటల్ ఆరోగ్యం గురించి ఒక నిపుణుడి ఉపన్యాసం విన్నాను. దేశంలో ప్రతి మనిషి ఆరోగ్య చరిత్రా ఒకచోట నుంచి ఇంకోచోటికి క్షణాల్లో అందితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో చాలా బాగా చెప్పాడాయన. అందులో అబద్ధమేమీ లేదు. చివర్లో మాత్రం, "మన ప్రజల్లో అవగాహన లేదు, అనుమానం ఎక్కువ, ముఖ్యంగా గ్రామీణ మహిళల్లో" అన్నాడు. నాకు ఓపీ లైన్లో ఆమె గుర్తొచ్చింది. ఆమెకి లేనిది అవగాహనా? ఆ వ్యవస్థ గురించి నేను చదివిన ఏ విధాన పత్రంలోనూ అంత సూటి ప్రశ్న లేదు. ఆ అనుమానానికి ఒక చరిత్ర ఉంది. అది చాలావరకు స్త్రీల శరీరాల మీద రాసిన చరిత్ర కాబట్టి, దాన్ని మనమే చెప్పుకోవాలి.

ముందుగా ఈ 'అవగాహన' సంగతి తేల్చుకుందాం. అందరూ చదువుకున్న దేశాల్లో ఏం జరిగింది? ఇంగ్లండులో 'కేర్ డాట్ డేటా' అనే పథకం వచ్చింది. ఊరి డాక్టర్ల దగ్గరున్న రోగుల రికార్డులన్నీ ఒక జాతీయ సంస్థకి చేరాలి. వద్దనుకునేవాళ్ళు వద్దని చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. 2014 జనవరిలో ఇంటింటికీ, సుమారు 2.65 కోట్ల ఇళ్ళకి, కరపత్రాలు వేశారు. వద్దని చెప్పడానికి అందులో ఫారం లేదు. చాలామంది దాన్ని పిజ్జా కొట్ల కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వేశారు. అంతలోనే ఆస్పత్రుల్లో చేరిన రోగుల సమాచారం అంతకుముందే బీమా రంగంలోని లెక్కల నిపుణులకి వెళ్ళిందన్న సంగతి బయటపడింది. ఫిబ్రవరిలో పథకం ఆగింది. 2016 జులైలో పూర్తిగా మూసేశారు. అప్పటికి పది లక్షల మందికి పైగా మా రికార్డులు ఇవ్వబోమని చెప్పేశారు. 2021లో ఇంకో పేరుతో మళ్ళీ మొదలుపెట్టబోతే మళ్ళీ అదే జరిగింది.

ఆస్ట్రేలియా కథ మనకి ఇంకా దగ్గరిది. అక్కడ 2018లో ప్రతి పౌరుడికీ 'మై హెల్త్ రికార్డ్' తెరుస్తామనీ, వద్దనేవాళ్ళు ఫలానా తేదీలోగా చెప్పాలనీ ప్రకటించారు. హ్యాకర్ల గురించీ, పోలీసుల గురించీ చర్చ నడుస్తుండగా, గృహహింస బాధితులతో పనిచేసే సంస్థలు వేరే మాట అడిగాయి. భర్తని వదిలి, బిడ్డని తీసుకుని, ఇంకో ఊళ్ళో దాక్కున్న స్త్రీ ఉంది. బిడ్డకి జ్వరమొస్తే అక్కడి డాక్టరుకి చూపిస్తుంది. తండ్రిగా అతనికి బిడ్డ రికార్డు చూసే హక్కుంటే, ఏ క్లినిక్, ఏ మందుల షాపు అన్నది చూసి ఆమె ఏ ఊళ్ళో ఉందో పట్టుకోవచ్చు కదా? వ్యవస్థ కట్టినవాళ్ళకి ఈ ప్రశ్న రాలేదు. ఎందుకంటే వాళ్ళ ఊహలో దొంగ ఎప్పుడూ బయటినుంచే వస్తాడు. చివరికి ఆ ఏడాది నవంబరులో చట్టం మార్చారు. గడువు 2019 జనవరి 31 దాకా పొడిగించారు. సుమారు 25 లక్షల మంది వద్దని చెప్పారు. వీళ్ళందరికీ అవగాహన లేదని ఎవరూ అన్నట్టు నేను చదవలేదు. వాళ్ళది 'ఆందోళన', మన ఆడవాళ్ళది 'అజ్ఞానం'!

ఇక మన సంగతి. మన స్త్రీల పేర్లు వైద్యం పేరుతో రిజిస్టరుకెక్కడం కంప్యూటర్లతో మొదలవలేదు. 1868 నాటి అంటువ్యాధుల చట్టం కింద వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పోలీసుల దగ్గర పేర్లు రాయించుకుని, క్రమం తప్పకుండా శరీర పరీక్షలకి వెళ్ళాలి. జబ్బున్నవాళ్ళని లాక్ హాస్పిటల్‌లో పెట్టేవాళ్ళు. కాపాడవలసింది సైనికుల ఆరోగ్యం, రాసుకోవలసింది స్త్రీల పేర్లు. సైనికుడికి అలాంటి రిజిస్టరు లేదు. ఇక్కడి స్త్రీలు చాలామంది పేర్లు రాయించకుండా ఊళ్ళు మారారు, దాక్కున్నారు. అధికారులు దాన్ని కూడా మొండితనమనే రాసుకున్నారు. ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ వంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడాక అక్కడి చట్టం 1886లో పోయింది, ఇక్కడిది 1888లో.

స్వతంత్రం వచ్చాక రిజిస్టరు ఇంటి గుమ్మంలోకొచ్చింది. మా పెద్దమ్మ 1979లో ఏఎన్ఎంగా చేరి, తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసింది. ఆమె సంచిలో ఎప్పుడూ 'అర్హులైన దంపతుల రిజిస్టరు' ఉండేది. పేరులో దంపతులే గానీ వివరాలన్నీ భార్యవే. ఎన్నో కాన్పు, బతికినవాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు, ఆపరేషను అయిందా లేదా. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 82 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఎక్కువమంది మగవాళ్ళే. ప్రభుత్వం ఓడిపోయింది. మగవాళ్ళ జోలికి వెళ్ళకూడదన్న పాఠం మాత్రం తర్వాతి ప్రభుత్వాలన్నీ బాగా నేర్చుకున్నాయి. భారమంతా స్త్రీల మీదికి జరిగింది. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో సుమారు 70 శాతం మందికి ఆపరేషను అయి ఉండటం ఆ చరిత్ర ఫలితమే.

"మార్చి నెల వస్తే మాకు నిద్రుండేది కాదే" అంటుంది పెద్దమ్మ. సంవత్సరాంతానికి ఇన్ని కేసులని టార్గెట్. తగ్గితే ఇంక్రిమెంట్లు ఆపుతామని బెదిరింపు. రిజిస్టరు తెరిచి ఇద్దరు పిల్లలున్న పేర్లు వెతికి, వాళ్ళ గుమ్మంలో కూర్చునేది. బతిమాలేది. కసిరేది కూడా. ఆ మాట దాచుకోదు. "కొందరిని నేను తీసుకెళ్ళుండకూడదు" అని ఒకసారి నాతో అంది. ఇంకో మాట కూడా చెప్పింది. కొన్ని ఇళ్ళలో పరిస్థితి ఆమెకి తెలుసు. మనిషి రక్తం లేక పాలిపోయి ఉంది, లేదా కొడుకు పోయిన దుఃఖంలో ఉంది. అలాంటి పేర్ల పక్కన 'ఊళ్ళో లేదు' అని రాసేది. ఆ మనిషి పక్కనే నిలబడి మంచినీళ్ళు ఇస్తుండగానే రాసేది. టార్గెట్ల పద్ధతిని 1996లో తీసేశారు. ఆ తప్పుడు రాతలు మాత్రం ఏదో ఒక పాత బీరువాలో ఇంకా ఉండే ఉంటాయి. రిజిస్టరు నిజం చెప్పాలంటే రాసే మనిషికీ, రాయించుకునే మనిషికీ మధ్య నమ్మకం ఉండాలి. అది లేనిచోట అబద్ధమే ఆ స్త్రీకి రక్షణ అయింది.

1985లో హైదరాబాదు పక్కనే పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను ప్రయోగం మొదలైంది. సంగతి తెలిసి స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్ళారు. పిల్లలు పుట్టకుండా ఇంజక్షను అని తప్ప, ఇది ప్రయోగమనీ, ఫలానా దుష్ఫలితాలు ఉండవచ్చనీ అక్కడికొచ్చిన స్త్రీలకి ఎవరూ చెప్పలేదు. సంఘటన సభ్యులు ఆ సంగతులు చెప్పాక చాలామంది ఇంజక్షను చేయించుకోకుండానే వెళ్ళిపోయారు. 1986లో స్త్రీ శక్తి సంఘటన, సహేలీ తదితరులు కలిసి సుప్రీం కోర్టుకి వెళ్ళారు. ఆ కేసు పద్నాలుగేళ్ళు నడిచింది. నాకు దానిలో ముఖ్యమనిపించేది కోర్టు కన్నా ముందు జరిగిన ఆ ఉదయమే. చదువు రాని స్త్రీలు నిజం చెప్పగానే తమ నిర్ణయం తాము తీసుకున్నారు. అవగాహన లోపం ఎవరి వైపు నుంచి వచ్చిందో అక్కడే తేలింది.

పాతికేళ్ళు గడిచాయి. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలైంది. పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసినది. భద్రాచలం వైపు ఆశ్రమ హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలు వీళ్ళలో చాలామంది. 2010 ఏప్రిల్లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ కాలంలో కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. టీకా మంచిదే, ఇప్పుడు ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. నా ప్రశ్న టీకా గురించి కాదు. ఆ విచారణలో 9,543 సమ్మతి పత్రాలు చూస్తే 1,948 వాటి మీద వేలిముద్రలున్నాయి. 2,763 వాటి మీద సంతకం పెట్టింది హాస్టలు వార్డెన్లూ, హెడ్మాస్టర్లూ. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

సాహిత్య విద్యార్థిగా నాకు ఏ రచనలోనైనా 'నేను' అన్న మాట కనిపిస్తే ఆ నేను ఎవరని వెతకడం అలవాటు. సమ్మతి పత్రం మొత్తం ఉత్తమ పురుషలోనే నడుస్తుంది. నాకు అన్నీ వివరించారు, నేను అర్థం చేసుకున్నాను, నా ఇష్టంతో ఒప్పుకుంటున్నాను. ఆత్మకథలో లాగే ప్రతి వాక్యం నేనుతో ఉంటుంది. రాసింది మాత్రం ఆ నేను కాదు. ఖమ్మంలో అయితే సంతకం కూడా ఆ నేనుది కాదు. పన్నెండేళ్ళ కోయ పిల్ల శరీరం గురించి వార్డెను "నేను ఒప్పుకుంటున్నాను" అన్నాడు. మన భాషలో ఇంతకన్నా విచిత్రమైన ఆత్మకథ ఇంకోటి ఉందా?

ఇక్కడ మనవైపు ఉన్న చిక్కు కూడా ఒప్పుకోవాలి. రిజిస్టర్లు వద్దని స్త్రీవాదులు ఎప్పుడూ అనలేదు. కొన్ని రిజిస్టర్ల కోసం మనమే కొట్లాడాం. లింగ నిర్ధారణ పరీక్షల నిషేధ చట్టం 1994లో వచ్చినా అమలు కాకపోతే 2000లో సుప్రీం కోర్టుకెళ్ళి, స్కానింగ్ కేంద్రాలు ప్రతి గర్భిణి వివరాలూ రాసిపెట్టాలని పట్టుబట్టింది ఆరోగ్య హక్కుల సంస్థలూ, స్త్రీల సంస్థలే. మన దగ్గర గర్భసంచి ఆపరేషన్ల సంగతి చూడండి. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని కూలి స్త్రీలకి గర్భసంచులు తీసేస్తున్నారని ఊరూరా తెలుసు. లెక్క మాత్రం లేదు. సర్వేలు చేసి, ఒత్తిడి పెట్టి, చివరికి 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ ప్రశ్న చేరాక గానీ, 15-49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి ఈ ఆపరేషను అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 అని అధికారికంగా తెలియలేదు. సమాచారం లేకపోతే అన్యాయం కూడా లేనట్టే కనబడుతుంది. ఆ లెక్క తీయడానికి ఏ ఒక్క స్త్రీ పేరూ బయటికి రానక్కర్లేకపోయింది. పేరుతో సహా పోగుపడితే ఏమవుతుందో 2019లో చూశాం. ఉత్తరాదిన ఒక రాష్ట్ర ఆరోగ్య శాఖ దగ్గరున్న 1.25 కోట్ల రికార్డులు, లింగ నిర్ధారణ చట్టం కింద గర్భిణుల గురించి నింపిన ఫారాలతో సహా, పాస్‌వర్డ్ కూడా లేకుండా ఇంటర్నెట్‌లో పడి ఉన్నాయి. మనం అడిగి రాయించిన కాగితాలే అవి.

ఎలా రాయాలో మన ప్రభుత్వానికి తెలియక కాదు. గర్భస్రావ చట్టం కింద 1975లో వచ్చిన నియమాలు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ అడ్మిషన్ రిజిస్టరు రహస్య పత్రం. మిగతా రికార్డుల్లో ఆమె పేరు ఉండకూడదు, వరుస సంఖ్య ఉండాలి. సమ్మతి పత్రం సీలు వేసిన కవరులో ఉండాలి. మేజరైన స్త్రీకి భర్త సంతకం అక్కర్లేదు. ఆచరణలో ఆస్పత్రులు భర్త ఏడని అడుగుతూనే ఉన్నాయి, అది వేరే పోరాటం. కానీ పేరు రాయడమే ప్రమాదం కావచ్చునన్న ఎరుక యాభై ఏళ్ళ కిందటి గుమాస్తా భాషలో ఉంది. ఇప్పటి మెరుపు పత్రాల్లో నాకది దొరకడం లేదు.

ఇప్పటి జాతీయ పథకాన్ని అన్యాయంగా వర్ణించను. 2018 జులైలో నీతి ఆయోగ్ 'నేషనల్ హెల్త్ స్టాక్' అనే పత్రం తెచ్చింది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని డిజిటల్ ఆరోగ్య మిషన్ ప్రకటించారు. 2021 సెప్టెంబరు 27న అది ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌గా దేశమంతటా మొదలైంది. రికార్డులన్నీ ఒకేచోట కుప్ప పోయరనీ, ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉండి, మనిషి ఒప్పుకుంటేనే ఇంకొకరికి వెళ్తాయనీ, ఆభా సంఖ్య తీసుకోవడం ఇష్టమైతేనేననీ చెప్పారు. కాగితం మీద ఇది కేర్ డాట్ డేటా కన్నా మేలైనదే. కానీ మొదలెలా అయింది? కోవిడ్ మధ్యలో, 2020 ఆగస్టు 26న ఆరోగ్య సమాచార విధానం ముసాయిదా ఇంగ్లీషులో పెట్టి, అభిప్రాయాలు చెప్పడానికి మొదట ఒక్క వారం గడువిచ్చారు. గొడవయ్యాక పొడిగించారు. సున్నితమైన సమాచారం అన్న జాబితాలో లైంగిక జీవితం, కులం, రాజకీయ అభిప్రాయాలు కూడా ఉండటం చూసి, జ్వరమొస్తే ఇవన్నీ ఎందుకని జనం అడిగారు. 2021లో ఆధార్ చూపించి టీకా వేయించుకున్న చాలామందికి అడగకుండానే ఆరోగ్య సంఖ్యలు తయారైపోయాయి. 2025 నాటికి ఆభా సంఖ్యలు 70 కోట్లు దాటాయి. అందులో తెలిసి తీసుకున్నవాళ్ళెంతమందో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు. ఆ లెక్క పెంచే పని పడింది ఎవరి మీద? ఆశా కార్యకర్తల మీద. పెద్దమ్మ కాలంలో ఆపరేషన్ల టార్గెట్, ఇప్పుడు ఐడీల టార్గెట్. ఇప్పుడూ గుమ్మంలో కూర్చునేది ఆడమనిషే, అడగబడేదీ ఆడమనిషే.

చట్టమేదని అడిగితే జవాబు తడబడుతుంది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అంది. 2018 మార్చిలో ఆరోగ్య సమాచార భద్రతకి ప్రత్యేకంగా 'దిశ' అనే ముసాయిదా చట్టం వచ్చి, ముసాయిదాగానే మిగిలిపోయింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అందులో ముఖ్య భాగాలకి మళ్ళీ పద్దెనిమిది నెలల గడువు. ముందటి ముసాయిదాల్లో ఆరోగ్య సమాచారానికి సున్నితమైనదిగా వేరే హోదా ఉండేది. ఈ చట్టంలో అది లేదు. మన ఫోన్ నంబరూ, మన గర్భస్రావమూ ఒకే గాటన ఉన్నాయి. ప్రభుత్వం సబ్సిడీలు, ప్రయోజనాలు ఇచ్చే సందర్భాల్లో కొత్తగా సమ్మతి అడగనక్కర్లేని వీలు కూడా చట్టంలో ఉంది. ప్రభుత్వ పథకాల మీదే ఎక్కువ ఆధారపడేది ఎవరో మనకి తెలుసు.

ఈలోగా తలుపులు తెరుచుకుంటూనే ఉన్నాయి. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో అన్న సంజీవని దుకాణాల్లో ఎవరే మందు కొన్నారో పేర్లు, ఫోన్ నంబర్లతో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనబడింది. నేను చూసిన వార్తలన్నీ మగవాళ్ళు కొనుక్కున్న ఒక మాత్ర గురించి నవ్వుకున్నవే. అలాంటి దుకాణంలో గర్భనిరోధక మాత్రలో, నిద్ర మాత్రలో కొనుక్కునే ఆడపిల్ల మాటేమిటని వాటిలో ఎవరూ అడగలేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లు సైబర్ దాడితో రోజుల తరబడి మూగబోయాయి. 2023 జూన్‌లో టీకా వేయించుకున్నవాళ్ళ వివరాలు ఒక టెలిగ్రామ్ బాట్ అడిగినవాళ్ళకల్లా చెప్పిందని వార్తలొచ్చాయి. కోవిన్ భద్రంగానే ఉందని ప్రభుత్వం అంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ రాయలేదు. కొన్నేళ్ళ కిందట నాకు నాలుగో నెలలో గర్భం పోయింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మొదటిరోజే నింపిన ఫారంలో ప్రసవం తేదీ, ఫోన్ నంబరు రాశాను. కింద సన్నటి అక్షరాల్లో ఏముందో చదవలేదు. పరిశోధనా వ్యాసాల్లో అధోజ్ఞాపికలు కూడా వదలకుండా చదివే మనిషిని. గర్భం పోయిన మూడు నెలలకి, ఒక మధ్యాహ్నం క్లాసు మధ్యలో ఫోను. బొడ్డుతాడు రక్తం దాచిపెట్టే కంపెనీ నుంచి ఒక అమ్మాయి. "కంగ్రాట్స్ మేడమ్, మీకు ఎనిమిదో నెల వచ్చేసింది కదా" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమె ముందున్న తెర మీద నాకు ఎనిమిదో నెలే. నా శరీరానికి తెలిసిన సంగతి ఆ తెరకి తెలియదు. తర్వాత పసిపిల్లల వస్తువుల మెసేజ్‌లు మొదలయ్యాయి. ఎవరు ఎవరికి ఇచ్చారో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నా నంబరుకే వచ్చాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అవే ఇంకొకరి ఫోనుకి వెళ్ళి ఉంటే? గర్భం వచ్చిందనీ, పోయిందనీ ఇంట్లో చెప్పుకోలేని స్త్రీకి వెళ్ళి ఉంటే?

'ఎవరికొస్తది' అన్న ప్రశ్న బరువు నాకు అప్పుడు తెలిసింది. 2019-21 సర్వే ప్రకారం మన దేశంలో తమ చేతిలో తాము వాడుకునే ఫోనున్న స్త్రీలు సుమారు 54 శాతమే. ఆధార్‌తో ఆభా తీసుకుంటే ఓటీపీ ఆధార్‌కి జతచేసిన నంబరుకి వెళ్తుంది. ఆ నంబరు చాలా ఇళ్ళలో భర్తదో కొడుకుదో. అంటే సమ్మతి అనే తాళం చెవి అతని జేబులో ఉంటుంది. నేను అన్న స్త్రీ వాక్యం అతని ఫోనులో ఆరంకెలుగా మోగుతుంది. మన విధానాలు కుటుంబాన్ని ఒక మనిషిగా ఊహించుకుంటాయి. ఆ కుటుంబం లోపల ఎవరి దగ్గర ఏం దాచుకోవలసి వస్తుందో ఓపీ లైన్లో నిలబడ్డ ఆమెకి తెలుసు. రెండో నెలలో ఏమైందో, సుఖవ్యాధి మాత్రలు ఎందుకు వాడిందో, ఆ పాత ఎముక విరుగుడు ఎలా వచ్చిందో.

మొన్న సంక్రాంతికి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈ వ్యాసం రాస్తున్నానంటే, "నాకూ ఉందంటగా ఆ నంబరు. టీకాల కాగితం మీద ఏదో పద్నాలుగంకెలుంది" అని ట్రంకుపెట్టెలోంచి మడతలు పడ్డ కాగితం తీసింది. తనకి తెలియకుండా తన పేరు మీద ఏం రాశారో చూడాలని ఆమెకి పట్టుదల వచ్చింది. జీవితమంతా ఇతరుల పేర్లు రాసిన మనిషి మరి. నా ఫోనులో యాప్ తెరిచి అంకెలు కొట్టాను. ఓటీపీ పంపామని వచ్చింది. ఆధార్‌కి జతచేసిన నంబరు అన్నయ్యది. అతను బెంగుళూరులో ఉంటాడు. ఫోన్ చేశాం. మీటింగులో ఉన్నానన్నాడు. రెండోసారి చేస్తే, "ఏం ఓటీపీ అమ్మా, ఎవరికీ చెప్పకూడదు, మోసాలు జరుగుతున్నాయి, సాయంత్రం నేను చూస్తాలే" అన్నాడు. పదినిమిషాలయ్యాక ఆ ఓటీపీ చెల్లకుండా పోయింది.

పెద్దమ్మ కాగితం మళ్ళీ మడతపెట్టింది. "నేను ఊళ్ళో లేనని రాసుకోమను" అంది.